బరంపురం అప్పకి బరంపురం చీర

కాకినాడలో మా వీధివాళ్ళకి "బరంపురం వెళ్ళొచ్చాం" అని చెబితే, "అంత దూరం వెళ్ళి పూరీ చూడకుండా వచ్చేశారా?" అని నా మొహంలోకి జాలిగా చూస్తున్నారు. చూడలేదండీ. బరంపురమే వెళ్ళాం, బరంపురమే చూశాం. మనలో చాలామందికి అది పూరీ రైలు ఆగే స్టేషను. కిటికీలోంచి టీ తీసుకుని తాగేలోగా ఊరు వెనక్కి వెళ్ళిపోతుంది. అక్కడ ఆగి, తిని, తిరిగి, తిట్లు కూడా విని వచ్చినదాన్ని కాబట్టి, దిగనివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. తమ్ముళ్ళ చదువులూ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ చూసుకుంటూ నా పెళ్ళి మాట మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి జుట్టు నెరిసింది. సూర్యంగారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. కంటి ఆపరేషనుకి మా వార్డులో చేరి, కట్టు కట్టిన కన్ను చిన్నపిల్లాడిలా నలుపుకుంటుంటే గట్టిగా కేకలేశాను. ఆ కేకలు ఆయనకి నచ్చాయట. పోయినేడు రిజిస్ట్రారాఫీసులో దండలు మార్చుకున్నాం.

ఈ ప్రయాణానికి ఆయన పైకి చెప్పిన కారణం గోపాల్‌పూర్ సముద్రం. కాకినాడలో ఉండేవాళ్ళు సముద్రం చూడ్డానికి నాలుగు వందల కిలోమీటర్లు పోవడమేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. "ఆ సముద్రం వేరు" అన్నారు. అబద్ధమాడితే ఆయన చెవులు ఎర్రబడతాయి. రెండూ ఎర్రబడ్డాయి.

అసలు కారణం ఆయన అక్క వరలక్ష్మిగారు. వాళ్ళవైపు అక్కని అప్ప అంటారు. అప్పని బరంపురంలో పట్టుచీరల వ్యాపారం చేసే తెలుగువాళ్ళింటికి ఇచ్చారు. ఆ ఇంటి ఆడపిల్ల సరోజని ఈయనకి చేసుకున్నారు. కుండమార్పిడి పెళ్ళిళ్ళన్నమాట. అంటే పోయిన ఆయన భార్య అప్పకి ఆడపడుచు. అక్క ఇల్లే ఆయనకి అత్తవారిల్లు కూడా. అలాంటి ఇంటికి, "నేను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను" అని ఫోన్లో చెప్పాడీ మహానుభావుడు. అప్ప ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. ఆ తరవాత ఎప్పుడు చేసినా కోడలు ఎత్తి, "అత్తయ్య పూజలో ఉన్నారు మావయ్యా" అంటుంది. పొద్దున చేసినా పూజే, మధ్యాహ్నం చేసినా పూజే.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది అప్పే. ఆమె మాట్లాడ్డం లేదని ఆయన ఎవరితోనూ అనేవారు కాదు. అన్నంలో మజ్జిగ పోసుకుని కలుపుతూ కూర్చునేవారు, తినేవారు కాదు. ఆ కంచం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీద మండాలో తెలిసేది కాదు. ఆయనకి అప్ప నోటినుంచి ఒక్క మాట కావాలి, తిట్టైనా ఫరవాలేదు. అందుకని సముద్రం పేరు చెప్పినా మాట్లాడకుండా సంచీ సర్దాను. వినాయక చవితి పందిళ్ళు విప్పుతున్న రోజుల్లో బయల్దేరాం.

ఇచ్ఛాపురం దాటాక

దారి గురించి చెప్పడానికేం లేదు. నల్లటి రోడ్డు, టోలుగేట్లు, లారీలు. చెప్పుకోవాల్సింది మా ఆయన గురించి. కాకినాడలో ఆయన మాట ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. పలాసలో జీడిపప్పు కొందామని ఆగాం. కొట్టువాడితో "కేజీ ఎంతకిస్తన్నావేటి?" అన్నారు. నేను తల తిప్పి చూశాను. ఆయనకి ఆ సంగతే తెలీదు. కేజీ ఎనిమిది వందలంటే ఏడొందల యాభైకి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. సోంపేట దాటేసరికి మాటల్లో చకారాలన్నీ సకారాలైపోయాయి. ఇచ్ఛాపురంలో స్టీరింగు మీద తాళం వేస్తున్నారు.

"ఏటి అలగ సూస్తన్నావు?" అన్నారు.

"మా ఆయన కాకినాడలోనే ఉండిపోయాడా అని చూస్తున్నాను" అన్నాను.

ఒడిశా హద్దు దాటగానే ఒక పూరిపాక హోటల్లో మధ్యాహ్నం భోజనానికి ఆగాం. అక్కడ పఖాళ అని పెడతారు. పఖాళ అంటే మరేం కాదు, మన చద్దన్నమే. నీళ్ళలో నానబెట్టి పులిసిన అన్నం, పక్కన వేయించిన వంకాయ, చిదిమిన బంగాళదుంప, పచ్చిమిరపకాయ, నలిపిన వడియాలు. ప్లేటు అరవై రూపాయలు. మనం చద్దన్నం తింటే వీధితలుపు వేసుకుని తింటాం. అక్కడ ఇస్త్రీ బట్టల ఆఫీసరు కూడా నడిమధ్యన కూర్చుని, గిన్నె ఎత్తి నీళ్ళు తాగి, తృప్తిగా త్రేన్చాడు. చిన్నప్పుడు నేను సిగ్గుపడి దాచుకు తిన్న చద్దన్నాలన్నీ గుర్తొచ్చి, రెండో గిన్నె అడిగి మరీ తిన్నాను.

మా బల్ల మీదే పొలసర నుంచి వచ్చిన ఒక రైతు, ఆయన భార్య కూర్చున్నారు. ఇచ్ఛాపురంలో కూతుర్ని చూసి వెనక్కి వెళ్తున్నారట. ఆవిడకి ఒడియా తప్ప రాదు, నాకు తెలుగు తప్ప రాదు. మధ్యలో సూర్యంగారు. పిల్లలెంతమంది అని అడిగింది. లేరన్నాను. పెళ్ళయి ఎన్నేళ్ళయిందని అడిగింది. ఒక వేలు చూపించాను. పదా అన్నట్టు రెండు చేతుల వేళ్ళూ చూపించింది. కాదు, ఒకటే అని మళ్ళీ చూపించాను. నా నెరిసిన జుట్టు కేసి, ఆయన బట్టతల కేసి చూసి, నవ్వి నవ్వి పొలమారిపోయింది. వాళ్ళాయన వీపు మీద చరచాల్సి వచ్చింది.

తేరుకున్నాక లేచి, ఫ్యాను కింద ఉన్న తన కుర్చీ నాకిచ్చి, నేను వద్దంటున్నా కూర్చోబెట్టింది. "నూఆ బోహూ" అంది. కొత్త కోడలంటే అలా సుఖంగా కూర్చోవాలట. తన గిన్నెలో వడియాల పొడి కూడా నా గిన్నెలో వంపింది. ఏ ఇంటికి కొత్త కోడలివని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గోపాల్‌పూర్

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, ఆ సముద్రం నిజంగానే వేరు. మా కాకినాడ సముద్రం ఆఫీసుకి పోయే మనిషిలా నెమ్మదిగా ఉంటుంది. గోపాల్‌పూర్ది దబాదబా వచ్చి మీద పడుతుంది. పాత ఓడరేవు నాటి గోడలు కొన్ని ఇసకలో కూరుకుపోయి మిగిలాయి. పక్కన హోటళ్ళు, హోటళ్ళ పక్కనే జాలరిపేట. దారిలో గట్ల వెంట మొగలిపొదలు. అక్కడివాళ్ళు ఆ పువ్వుల్ని బట్టీల్లో కాచి అత్తరు తీస్తారట. కారు అద్దం దించితే చాలు, పెళ్ళివారింట్లోకి వచ్చినట్టుంది.

తడుస్తాయని చెప్పులు విప్పి గట్టు మీద పెట్టాను. అది గట్టని నేననుకున్నాను, సముద్రం అనుకోలేదు. ఒక్క అల వచ్చి రెండు చెప్పులూ పట్టుకుపోయింది. సూర్యంగారు ప్యాంటు మడిచి వెంటపడ్డారు. ఒకటి దొరికింది. "ఒక్క చెప్పేం చేసుకుంటామండీ?" అంటే, పాపం, దాన్ని కూడా విసిరేశారు. ఊళ్ళో నూట ఇరవై పెట్టి నీలంరంగు హవాయి చెప్పులు కొన్నాను. పాదాలకి కొంచెం పెద్దవి. నడిస్తే టపటపమని ఊరంతా వినపడేది.

ఒడ్డున చేపలు వేయించి అమ్మే నూకాలమ్మ మా మాట విని, "తెలుగోలేనా?" అంది. గోపాల్‌పూర్ జాలరుల్లో చాలామంది ఇళ్ళల్లో తెలుగే. నేను చేపలు తినే ఇంట్లో పుట్టినదాన్ని, మా ఆయన గుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాడు. నేను నూట యాభై పెట్టి వంజరం ముక్కలు తీసుకుంటే, ఆయన గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురు దిక్కున కూర్చున్నారు. పెళ్ళయినప్పటినుంచీ మా ఒప్పందం అదే.

"ఆ బాబుకేటైంది? మొకం అలగ ఎట్టాడు?" అంది నూకాలమ్మ.

చేప తింటూ ఉంటే మాట దాచుకోవడం నా వల్ల కాదు. మొత్తం చెప్పేశాను. నిన్న సాయంత్రం బరంపురం వెళ్దామన్నారు, కారు ఎక్కాక టైరులో గాలి తక్కువుందన్నారు. పొద్దున వెళ్దామన్నారు, మబ్బు పట్టిందన్నారు. అప్ప ఇల్లు ఇక్కడికి అరగంట దూరం, ఈయన మాత్రం ఇసకలో కూర్చుని లైట్‌హౌసు కేసి చూస్తున్నారు.

"ఒట్టి సేతుల్తో ఎల్తారేటి మరి?" అంది నూకాలమ్మ, పెనం మీద ముక్క తిరగేస్తూ. "అప్పకి సీర ఎట్టాల. ఆవిడికి మాటాడాలనున్నా మొకం సెల్లదమ్మా. ముందల సేతిలో ఏదోటి ఎడితే, అప్పుడు నోరు తెరుచుకుద్ది. సీర ఎట్టినోడిని ఏ అప్పా గుమ్మంలోంచి తరమదు."

ఈ మాట వెళ్ళి ఆయనకి చెప్పాను. లేచి ఇసక దులుపుకున్నారు. "ఆకుపచ్చ కడదు. వంగపండు రంగైతే ఇష్టం" అన్నారు. నా విషయంలో ఇంత కచ్చితంగా ఆయనకి ఏ రంగూ తెలీదు. కొంచెం ఉడుక్కున్నాను, కానీ టైర్లలో గాలి సరిపోయింది కదా అని సంతోషించాను.

బడబజారు

బరంపురంలో బడబజారు అంటే పెద్ద బజారే. రిక్షాలు, ఆవులు, అప్పడాల కట్టలు, పచ్చళ్ళ జాడీలు, వాటి మధ్యన పట్టుచీరల కొట్లు. కొట్లో యజమాని ఒకరితో ఒడియా, ఒకరితో తెలుగు, ఫోన్లో ఇంకొకరితో హిందీ మాట్లాడుతూ, మూడింటిలోనూ ఒకే మాట చెబుతుంటాడు: ఇంతకన్నా తగ్గదని.

"మీ బావగారి కొట్టు ఎటు?" అన్నాను.

"అక్కడ కొనకూడదు" అన్నారు. ఆయన లెక్క ఇది. బావ కొట్లో కొంటే బావ డబ్బు తీసుకోడు. తీసుకోకపోతే అది ఈయన పెట్టిన చీర అవదు. ఒకవేళ తీసుకున్నాడంటే, మనం పరాయివాళ్ళమైపోయామని అర్థం, అది ఇంకా ఘోరం. అందుకని బావ కొట్టున్న వీధిలోకే వెళ్ళకుండా, రెండు సందులు చుట్టి తిరిగి, అద్దాల తలుపులున్న ఒక కొత్త కొట్లోకి తీసుకెళ్ళారు. నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. మా ఇద్దరి తెలివీ కలిస్తే అంతే.

యజమాని లేడు. గుమాస్తా నా హవాయి చెప్పుల టపటప విని ముందు నూలుచీరలు తీశాడు. పట్టు అన్నాను. మా ఆయన మొహం చూసి, రెండువేల ఐదొందల రకం తీశాడు. అది కూడా కాదన్నాక లేచి లోపలికెళ్ళి తెచ్చాడు. బరంపురం పట్టు మన కంచి పట్టులా బరువుగా ఉండదు. మెత్తగా, చేతిలోంచి జారిపోతూ ఉంటుంది. జరీ తక్కువ, అంచు మీద గుడిగోపురాల వరస. వంగపండు రంగు మీద ఎర్రంచు చీర విప్పగానే సూర్యంగారు చెయ్యి చాపి పట్టుకున్నారు. ఇక బేరమేం చేస్తాం! అయినా నా వంతు నేను చేశాను. పన్నెండు వేలన్నది పదివేల ఐదొందలకి దిగింది. బంగారు నెమలి బొమ్మ వేసిన ఆకుపచ్చ సంచిలో పెట్టిచ్చాడు.

బయటికొచ్చాక ఆయన ఆ సంచిని కారులో వెనక సీటు మీద పెట్టి, మళ్ళీ తీసి నా ఒళ్ళో పెట్టి, మళ్ళీ తీసి తన ఒళ్ళో పెట్టుకుని బండి నడిపారు.

గోసాని నువాగాం

మర్నాడు పొద్దున్నే అప్ప ఇంటికి వెళ్ళాం. గోసాని నువాగాం పాత పేట. ఇరుకు వీధులు, ఒకదాన్నొకటి ఆనుకుని పొడుగ్గా లోపలికి పోయే ఇళ్ళు. ముందు గదిలో నిలబడితే పెరట్లో తులసికోట కనబడుతుంది. తలుపు తీసింది కోడలు, ఫోన్లో పూజ సంగతి చెప్పే గొంతు. "మావయ్యా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది.

బావగారికి చెవుడు. ఆయన పడకకుర్చీలోంచి లేచి, "ఓరి సూర్యమా! రా, కూకో" అని చెయ్యి పట్టుకున్నారు. పోయినావిడ ఆయన సొంత చెల్లెలు. నా కేసి చూసి, కాస్త తడబడి, నాకూ కుర్చీ చూపించారు.

అప్ప రాలేదు. వంటింట్లోంచి గొంతు మాత్రం వచ్చింది. "ఒచ్చినోలికి మంచినీలిచ్చావేటమ్మా?" అని కోడల్ని అడిగింది. "టిపినీ సేసొచ్చారేమో అడుగు." కోడలు అటూ ఇటూ తిరిగి మా జవాబులు మోసింది. సూర్యంగారు ఆ తలుపు కేసే చూస్తూ కూర్చున్నారు. గోడ మీద సరోజగారి ఫోటో ఉంది. దండ తాజాగా ఉంది. ఎవరూ చెప్పలేదు గానీ నేను లేచి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుని తిరిగేసరికి అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. పొట్టి మనిషి, ఎర్రరాయి ముక్కుపుడక. నన్ను చూసింది, చూపు తిప్పుకుని వచ్చి గోడవారన పీట మీద కూర్చుంది. తమ్ముడి కేసి మాత్రం చూడలేదు.

మా ఆయన లేచి రెండు చేతులతో సంచి చాపారు. "అప్పా" అన్నారు.

ఆమె సంచి చూసింది.

"ఒరే! ఎవుడి కొట్లో కొన్నావురా ఇది?"

ఇల్లంతా ఉలిక్కిపడింది. పెరట్లో కాకి ఎగిరిపోయింది.

"మతుండే సేసావేటి? బరంపురం మొత్తానికి సీరల కొట్లే నేవేటి నీకు? పోయి పోయి ఆ గోవిందుగాడి కొట్లో దూరావా? ఎంత తీసుకున్నాడు? నాకు సెప్పొద్దులే. సెప్పు, ఎంత?"

కోడలు నా చెవిలో చెప్పింది. గోవిందు అంటే బావగారి బాబాయి కొడుకు. ఒకప్పుడు ఒకే కొట్టు. పంపకాలప్పుడు తగువొచ్చి విడిపోయారు. అప్పటినుంచీ ఆ కొట్టు నూలుపోగుని కూడా ఈ ఇంటి గడప తొక్కనివ్వరు, వాళ్ళూ అంతే. ఈ మధ్యనే చోటు మారి, పేరు మార్చి, అద్దాల తలుపులు పెట్టాడు. ఆకుపచ్చ సంచులు అప్పుడు వేయించినవే. ఊళ్ళో వాళ్ళంతా ఎరిగిన సంచి. మేమిద్దరమే ఎరగం.

"కొత్త బోర్డప్పా, నాకేటి తెలుసు" అని మా ఆయన నసిగారు. తిట్లు పడుతున్నాయి, ఆయన మాత్రం నవ్వుతున్నారు. అరవై దాటిన మనిషి, "ఒరే" అనిపించుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నాకు ఆ క్షణంలో నూకాలమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఏటైంది? ఏటైంది?" అని బావగారు అడుగుతున్నారు. ఆయనకి చెప్పే తీరిక ఎవరికీ లేదు.

అప్పుడు అప్పకి గుర్తొచ్చినట్టుంది, తను మాట్లాడకూడదని. నోరు ఠక్కున మూసుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. సంచి కేసి చూస్తూ కూర్చుంది. ఆ చూపులో ఉన్న ఇరకాటం నాకు అర్థమైంది. తమ్ముడు పెట్టిన చీర వెనక్కిచ్చిందంటే తమ్ముణ్ణే వదులుకున్నట్టు. తీసుకుని కట్టిందంటే దాయాది కొట్టు చీర కట్టినట్టు, ఆ ఇంటి పరువు పోయినట్టు. ఫోటో కేసి ఒకసారి చూసింది. నా కేసి ఒకసారి చూసింది. తర్వాత లేచి కొంగు దోపుకుంది.

"సెప్పులేసుకో" అంది నాతో.

"ఎక్కడికప్పా? నేనూ..." అని ఈయన లేవబోయారు.

"నువ్వు కూకో. మగోలొస్తే తగువైపోద్ది."

గుమ్మంలో నా నీలం హవాయి చెప్పులు చూసి ఆగింది. "ఇయ్యేటి సెప్పులు?"

"అసలువి గోపాల్‌పూర్ సముద్రంలో కొట్టుకుపోయాయండీ వదినగారూ."

ఆమె మూతి కాస్త కదిలింది. నవ్వు ఆపుకున్న మూతి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మళ్ళీ బడబజారు

ఆటో ఎక్కాం. ఆమె సంచిని మా ఇద్దరికీ మధ్యన పెట్టి, గుంటలు వచ్చినప్పుడల్లా పడిపోకుండా పట్టుకుంది. వార్డులో ఎంతమంది డాక్టర్లతోనో దెబ్బలాడినదాన్ని, ఈ పొట్టి మనిషి పక్కన కొంగు సర్దుకుని కూర్చున్నాను. మా ఆయనకి కావాల్సిన మాట దొరికింది, ఇక నాకేమీ అక్కర్లేదని మనసుకి చెప్పుకున్నాను. అది వినలేదు.

అద్దాల తలుపు తీసుకుని ఆమె లోపల అడుగుపెట్టేసరికి గుమాస్తాలు చీరలు మడతపెట్టడం ఆపేశారు. పరుపు మీద కూర్చున్న గోవిందుగారు, తెల్ల చొక్కా, కళ్ళజోడు, తడబడుతూ లేచి నిలబడ్డారు.

"వదినా! నువ్వేటి ఇలగ... కూకో. ఒరే, కాఫీ..."

"కాఫీలకి రానేదు. ఈ సీర నీ కొట్లోదేనా?"

ఆయన సంచి తీసి చూశారు. "మాదే. నిన్న ఎల్లింది. ఏటి, జరీ ఏటైనా తేడా వచ్చిందా?"

"సీరకేటి? సీర బాగుంది." ఆ మాట ఆమె గొంతులోంచి కష్టం మీద వచ్చింది. "ఇచ్చిన తీరు బాగోనేదు. జాకెట్టు గుడ్డ ఎట్టనేదు, పసుపు కుంకం ఎట్టనేదు. రోడ్డు మీద పోయేవోలికి ఇచ్చినట్టు సంచిలో ఏసి ఇచ్చీసినావు. ధర కూడా పైవోలి ధరే తీసుకున్నావు. ఇంటోలికి ఇలగే ఇస్తారేటి? మీ నాన్న ఇలగే ఇచ్చేవోడా?"

"ఇంటోలా?" గోవిందుగారికి అర్థం కాలేదు. "ఎవులొదినా? ఈవిడెవులు?"

అడుగుతున్నది సరోజగారి అన్న వరసైన మనిషి. ఆమెని ఎత్తుకుని తిప్పినవాడే అయ్యుంటాడు. అప్ప ఏమైనా చెప్పొచ్చు. కాకినాడ నుంచి వచ్చినావిడ అనొచ్చు. మా తమ్ముడితో వచ్చింది అనొచ్చు. నేను నా చెప్పుల కేసి చూస్తున్నాను. ఆవిడ ఏం చెప్పినా తలూపాలని నిశ్చయించుకున్నాను.

"మా మరదలు" అంది.

ఆయన వినపడనట్టు చూశారు. ఆమె గొంతు పెంచింది, గుమాస్తాలందరికీ, అద్దాల బయట నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేలా.

"సూర్యం పెళ్ళాం. మా మరదలు."

గోవిందుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నన్ను చాలాసేపు చూశారు. తర్వాత తనే లోపలికి వెళ్ళి, ఎర్ర జాకెట్టు గుడ్డ ఒకటి, దేవుడి పటం ముందున్న కుంకం భరిణె తెచ్చారు. "తెలీకపోయిందమ్మా" అన్నారు నాతో. "సరోజ లాగే నువ్వూ ఈ ఇంటి ఆడపిల్లవే." భరిణె వదినగారికి అందించారు. ఆమె ఉంగరం వేలితో కుంకం తీసి, నా గడ్డం పట్టుకుని, నా నుదుట బొట్టు పెట్టింది. కాసేపు ఆ వేలు తియ్యలేదు.

నేను ఏడుపు ఆపుకోవాలని చూశాను. ఆసుపత్రిలో అన్నేళ్ళు ఆపుకోవడం నేర్చుకున్నదాన్ని. నన్ను సిస్టర్ అన్నవాళ్ళు, నర్సమ్మ అన్నవాళ్ళు వేలమంది ఉన్నారు. ఒక ఇంటి పేరు చెప్పి, నేను ఆ ఇంటికి ఏమవుతానో నలుగురిలో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అంత పెద్ద కొట్లో, అంతమంది గుమాస్తాల ముందు, చిన్నపిల్లలా ఏడ్చేశాను.

వదినగారు చీర సంచి చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"దాయాదుల కొట్లో ఏడుస్తారేటే?" అని గట్టిగా కసిరింది. "ఇంటికెల్లి ఏడుద్దువుగాని, పద."